ఎవరూ పిలవని ఫంక్షన్‌ను తీసేస్తే బాకీల జాబితా ఎందుకు మారింది

పెద్ద సంఖ్యలో ఎస్‌ఎంఎస్‌లు పంపించుకునే వ్యాపారాలకు నెలనెలా లెక్క తేల్చే బిల్లింగ్ ప్రోగ్రామ్ ఒకటి మా బృందం నిర్వహణలో ఉంది. సీ భాషలో రాసిన పాత ప్రోగ్రామ్ అది. సోర్సును యంత్ర కోడ్‌గా మార్చే జీసీసీ అనే కంపైలర్‌తో, -ఓ2 స్థాయి ఆప్టిమైజేషన్‌తో (కోడ్‌ను వేగవంతం చేసే మార్పులతో) కంపైల్ చేస్తాము. ఈ సంఘటనకు కొన్ని నెలల ముందు సర్వర్లను ఇంటెల్ ప్రాసెసర్ల నుంచి 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్లకు మార్చాము. ఆ మార్పు ఏ గొడవా లేకుండా జరిగిపోయింది కాబట్టి దాని సంగతి అందరం మరిచిపోయాము.

ఒక బిల్లింగ్ రోజు ఉదయం లెక్కల విభాగం నుంచి ఫోన్ వచ్చింది. "సార్, బాకీ ఉన్నవాళ్ళ జాబితాలో వందల పేర్లు కొత్తగా వచ్చాయి. ఎదురుగా బాకీ 0.00 అని ఉంది. సున్నా రూపాయలకు నోటీసులు పంపమంటారా?" అని అడిగారు. ఇలాంటివి ప్రతి నెలా కొన్ని వస్తూనే ఉండేవని, వాటిని చేత్తో కొట్టేసి పని కానిచ్చేవారమని కూడా అప్పుడే చెప్పారు. ఆ మాట మాకెప్పుడో చేరి ఉండవలసింది. అడ్వాన్సుల జాబితా తెరిచి చూస్తే అక్కడ ఇంకా వింతగా, ఎక్కువ కట్టినవారి పేర్ల పక్కన -0.00 అని ఉంది.

ముందురోజు విడుదలలో ఆ ప్రోగ్రామ్‌కు సంబంధించి ఒకే ఒక కమిట్ (నమోదైన కోడ్ మార్పు) ఉంది. ఏళ్ళ క్రితం వాడకం ఆగిపోయిన పాత నెలవారీ నివేదిక ఫంక్షన్‌ను మా సహోద్యోగి ఒకరు తొలగించారు. మొత్తం 43 పంక్తులు. ప్రోగ్రామ్‌లో ఎక్కడి నుంచీ దానికి పిలుపు లేదు. ఆ మార్పును చూసి సరేనన్నది నేనే. ఆ ఫంక్షన్‌ను తిరిగి పెడితే జాబితా పాత పద్ధతిలో వస్తోంది, తీసేస్తే చెడుతోంది. అదే డేటా, అదే యంత్రం, అవే కంపైలర్ ఐచ్ఛికాలు. ఎప్పుడూ నడవని కోడ్ లేకపోవడం వల్ల నడిచే కోడ్ ఫలితం మారిందన్న మాట. బృందంలో సగంమంది కంపైలర్‌లో బగ్ అన్నారు, తక్కినవారు మెమరీలో ఎక్కడో హద్దు దాటి రాస్తున్నామన్నారు. రెండో అనుమానం న్యాయమైనదే, ఎందుకంటే సీ ప్రోగ్రాముల్లో ఇలాంటి వింతలకు చాలాసార్లు మూలం అదే అవుతుంది. మెమరీ తప్పులను పట్టే సాధనాలైన అడ్రస్ శానిటైజర్‌తో ఒకసారి, వాల్‌గ్రైండ్‌తో ఒకసారి నడిపి చూశాము. రెండూ ఏమీ చూపలేదు.

రెండు బైనరీల మధ్య తేడా

పాత, కొత్త బైనరీలను, అంటే కంపైల్ అయ్యాక వచ్చే యంత్ర కోడ్ ఫైళ్ళను, బైటుకు బైటు పోల్చి చూడటం అందరికీ వచ్చే మొదటి ఆలోచన. అలా పోలిస్తే వేల చోట్ల తేడా కనిపిస్తుంది, అందులో పనికొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. అసలు తేడాను పట్టుకోవాలంటే ముందు ఈ రొదను పొర తర్వాత పొరగా తొలగించుకోవాలి. మా సమయంలో ఎక్కువ భాగం ఇక్కడే పోయింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఒక్క అక్షరం కూడా మార్చకుండా ఒకే సోర్సును రెండుసార్లు బిల్డ్ చేశాము. అవి కూడా ఒకదానితో ఒకటి సరిపోలలేదు. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు చూపే వెర్షన్ సందేశంలో, కంపైల్ చేసిన తేదీని, సమయాన్ని ఇచ్చే మాక్రోలను ఎవరో వాడారు. సోర్స్_డేట్_ఎపాక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ఒక స్థిరమైన విలువ ఇస్తే జీసీసీ 7వ వెర్షన్ నుంచి ఆ మాక్రోలు గడియారాన్ని చూడటం మాని ఆ విలువనే వాడతాయి. దానితో ఆ తేడా పోయి, ఒకే సోర్సు నుంచి ఒకే బైనరీ రావడం మొదలైంది. దీన్ని నిర్ధారించుకోకుండా తర్వాతి పోలికలకు దిగితే దేనివల్ల ఏది మారిందో ఎన్నటికీ తేలదు.

తర్వాతి పొర బిల్డ్ ఐడీ. కంపైల్ అయిన ముక్కలను ఒకే బైనరీగా కలిపే లింకర్, ఆ బైనరీలోని విషయమంతటి మీద హ్యాష్ కట్టి, 20 బైట్ల గుర్తును అందులోనే రాసిపెడుతుంది. డీబగ్ సమాచారం కూడా ఆ హ్యాష్‌లోకి వెళ్తుంది. అందుచేత ఒక వ్యాఖ్య పంక్తి చేర్చి, దాని కింది పంక్తుల సంఖ్యలు మాత్రమే మారినా, గుర్తు మొత్తం మారిపోతుంది. డీబగ్ సమాచారాన్ని తర్వాత స్ట్రిప్ చేసి పారేసినా ఆ 20 బైట్లు మాత్రం బైనరీలో ఉండిపోతాయి.

మూడోది అసర్ట్, అంటే ఒక షరతు నిజమేనా అని కోడ్‌లో పెట్టే తనిఖీ. ఇది చాలామంది కంట పడదు. షరతు తప్పినప్పుడు ఫైలు పేరును, పంక్తి సంఖ్యను చూపడానికి అసర్ట్ ఆ సంఖ్యను కోడ్‌లోనే నాటుతుంది. పైన 43 పంక్తులు పోతే కింద ఉన్న ప్రతి అసర్ట్‌లోనూ ఆ సంఖ్య 43 తగ్గుతుంది. ఆర్మ్ 64లో ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌కూ 4 బైట్లే కాబట్టి డబ్ల్యూ2 రిజిస్టర్‌లోకి (ప్రాసెసర్ లోపల విలువను ఉంచే చోటులోకి) వెళ్ళే విలువ మారుతుందే గాని కోడ్ పొడవు మారదు. ఇంతకు ముందు నేను కార్టెక్స్-ఎం4 అనే చిన్న ఆర్మ్ ప్రాసెసర్ ఫర్మ్‌వేర్ మీద పనిచేసినప్పుడు ఇదే సంగతి ఇంకొంచెం ముదిరింది. అక్కడ 0 నుంచి 255 వరకు సంఖ్యను రిజిస్టర్‌లో పెట్టడానికి 2 బైట్ల ఇన్‌స్ట్రక్షన్ చాలు, 256 నుంచి 4 బైట్లు కావాలి. 248వ పంక్తిలో ఉన్న అసర్ట్‌కు పైన 9 పంక్తుల లైసెన్సు వ్యాఖ్య చేర్చడంతో అది 257కు దిగింది. 21ఎఫ్8 అనే 2 బైట్ల చోట ఎఫ్240 1101 అనే 4 బైట్లు వచ్చి చేరాయి, అక్కడి నుంచి వెనక ఉన్న ఫంక్షన్లన్నీ జరిగాయి. వ్యాఖ్య రాస్తే కోడ్ పెరగదని వాదించిన నేను ఆ రోజు నోరు మూసుకోవలసి వచ్చింది.

బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో ఈ పొరను తొలగించడానికి చిన్న ఉపాయం చేశాము. ఫంక్షన్‌ను తీసేసి, ఆ చోట 43 ఖాళీ పంక్తులు వదిలాము. దానితో కింది పంక్తి సంఖ్యలన్నీ యథాతథంగా ఉండిపోయాయి. జాబితా మాత్రం చెడుతూనే ఉంది. పంక్తి సంఖ్యలకు దీనితో సంబంధం లేదని అలా తేలింది.

ఇక మిగిలినది చిరునామాల రొద. మధ్యలో ఒక ఫంక్షన్ పోతే దాని తర్వాతివన్నీ ముందుకు జరుగుతాయి. పిలిచేది జరుగుడుకు ఒక పక్కన, పిలిపించుకునేది మరో పక్కన ఉన్న ప్రతి చోటా దూరం మారుతుంది కాబట్టి కాల్ ఇన్‌స్ట్రక్షన్ బైట్లూ మారతాయి. ప్రతి ఫంక్షన్‌నూ దాని సొంత సెక్షన్‌లో పెట్టే ఐచ్ఛికంతో కంపైల్ చేసి, లింక్ చేయకముందు ఉండే ఆబ్జెక్ట్ ఫైళ్ళనే డిస్‌అసెంబుల్ చేసి (యంత్ర కోడ్‌ను చదవగలిగే ఇన్‌స్ట్రక్షన్లుగా మార్చి) ఫంక్షన్‌కు ఫంక్షన్ పోలిస్తే ఈ రొద ఉండదు. కాల్ దూరాలను అప్పటికి లింకర్ ఇంకా నింపి ఉండదు గనుక అవి రెండు ఫైళ్ళలోనూ ఖాళీగానే కనిపిస్తాయి.

అలా చూస్తే చిత్రం తేటపడింది. ఆ ఫైలులో మొదట 20 ఫంక్షన్లు ఉన్నాయి. ఒకదాన్ని మేము తీసేశాము. మిగిలిన వాటిలో 17 పొల్లుపోకుండా అలాగే ఉన్నాయి. మొత్తం సొమ్మును లెక్కించే ఫంక్షన్ కనబడకుండా పోయింది. బాకీని లెక్కించే ఫంక్షన్ బాగా లావెక్కింది.

ఒక్క పిలుపు మిగిలినప్పుడు

మొత్తం లెక్కించే ఫంక్షన్ స్టాటిక్, అంటే ఆ ఫైలు బయటివారికి కనిపించదు. పంపిన సందేశాల సంఖ్యను బట్టి రేట్ల పట్టికలో స్లాబు వెతికి, రాయితీలు చూసి, రెండు మూడు అసర్ట్‌లు దాటుకుని, చివరి పంక్తిలో సంఖ్యను రేటుతో గుణించి తిరిగి ఇస్తుంది. పొడవైన ఫంక్షనే. దానిని పిలిచేవి రెండు: బాకీ ఫంక్షన్, పాత నివేదిక ఫంక్షన్. నివేదిక ఫంక్షన్‌ను ఎవరూ పిలవకపోయినా అది స్టాటిక్ కాదు కాబట్టి వేరే ఫైలు నుంచి ఎవరైనా పిలవవచ్చని కంపైలర్ భావించాలి, దాన్ని ఉంచాలి, అందులోని పిలుపును లెక్కలోకి తీసుకోవాలి.

రెండు చోట్ల నుంచి పిలుపు ఉన్నంత కాలం, ఇంత పొడవైన ఫంక్షన్‌ను రెండు చోట్లా ఇన్‌లైన్ చేస్తే, అంటే దాని కోడ్‌ను పిలిచిన చోటే నేరుగా కలిపేస్తే, కోడ్ పెరుగుతుందే తప్ప లాభం లేదని జీసీసీ లెక్కవేసి దాన్ని విడిగానే ఉంచింది. నివేదిక పోగానే పిలుపు ఒక్కటే మిగిలింది. ఒక్కసారే పిలిచే స్టాటిక్ ఫంక్షన్‌ను పిలిచిన చోటే కలిపేస్తే విడి ప్రతి అక్కర్లేదు, కోడ్ తగ్గుతుంది. కాబట్టి ఒకే పిలుపు ఉన్నప్పుడు పొడవును అంతగా పట్టించుకోకుండా కలిపేయడం జీసీసీ అలవాటు. ఏ ఫంక్షన్ ఎక్కడ కలిసిందో చెప్పే నివేదికను కంపైలర్ నుంచే తీసుకుని చూశాము. ఒకదానిలో ఆ పంక్తి ఉంది, రెండోదానిలో లేదు.

ఇంతవరకు అర్థంలో ఏ మార్పూ లేదు. ఇన్‌లైన్ చేసినా చేయకపోయినా గుణకారం గుణకారమే, తీసివేత తీసివేతే. కానీ డిస్‌అసెంబ్లీలో పాత బాకీ ఫంక్షన్ విడి ఫంక్షన్‌ను పిలిచి, డీ0 రిజిస్టర్‌లో వచ్చిన మొత్తం నుంచి చెల్లింపును ఎఫ్‌సబ్ అనే ఇన్‌స్ట్రక్షన్‌తో తీసివేసేది. కొత్తదానిలో గుణించే ఎఫ్‌మల్ లేదు, ఎఫ్‌సబ్ లేదు, రెండింటి బదులు ఎఫ్‌ఎన్‌ఎంసబ్ అనే ఒకే ఇన్‌స్ట్రక్షన్ ఉంది. గుణించి, వచ్చిన దాంట్లోంచి మూడో సంఖ్యను తీసివేసే పని రెండూ అదే చేస్తుంది. ఇలా రెండు పనులను ఒకటిగా ఫ్యూజ్ చేసే (కలిపేసే) ఇన్‌స్ట్రక్షన్లను ఎఫ్‌ఎంఏ జాతి అంటారు. 1990లో ఐబీఎం పవర్ యంత్రాలతో వాడుకలోకి వచ్చింది, 2008లో దశాంశ సంఖ్యల లెక్కలకు నియమాలు చెప్పే ఐఈఈఈ 754 ప్రమాణంలోకి చేరింది.

ఈ ఇన్‌స్ట్రక్షన్ వేగంగా ఉండటంతో పాటు ఎక్కువ ఖచ్చితంగా కూడా ఉంటుంది. చిక్కంతా ఆ ఖచ్చితత్వంతోనే వచ్చింది. విడివిడిగా చేస్తే గుణకార ఫలితాన్ని 53 బిట్లకు సవరించాక (రౌండ్ చేశాక) తీసివేత జరుగుతుంది. ఎఫ్‌ఎంఏలో గుణకార ఫలితం సవరణ లేకుండా పూర్తిగా ఉంటుంది, సవరణ చివర ఒక్కసారే. చేతితో కట్టిన ఈ చిన్న ఉదాహరణ చూడండి. రేటు 10 పైసలు, అంటే 0.1. సందేశాలు 10. చెల్లించినది 1 రూపాయి. 0.1 అనే సంఖ్యకు బైనరీలో సరైన రూపం లేదు. డబుల్‌లో, అంటే సీలో దశాంశ సంఖ్యలకు వాడే 64 బిట్ల రూపంలో, దానికి దగ్గరగా ఉండే విలువ 0.1 కంటే రవ్వంత ఎక్కువ. దాన్ని 10తో గుణిస్తే 1 కంటే సరిగ్గా 2 ఘాతం -54 అంత ఎక్కువ వస్తుంది. విడిగా గుణిస్తే సవరణలో ఆ రవ్వ పోయి 1.0 అవుతుంది, 1 తీసేస్తే సున్నా. ఎఫ్‌ఎంఏలో ఆ రవ్వ పోదు, ఫలితం దాదాపు 5.55 × 10^-17. సున్నా కంటే పెద్దది కాబట్టి ఆ ఖాతాదారుకు బాకీ ఉన్నట్టే, రెండు దశాంశాలకు ముద్రిస్తే 0.00. రేటు 30 పైసలయితే కథ తిరగబడుతుంది. డబుల్‌లో 0.3 విలువ అసలు 0.3 కంటే రవ్వంత తక్కువ, 10తో గుణించి 3 తీసేస్తే దాదాపు -1.11 × 10^-16 వస్తుంది. అడ్వాన్సుల జాబితాలోని -0.00 అక్కడి నుంచి వచ్చింది. మొదటి ఫోన్‌లోనే ఆ మైనస్ గుర్తును పట్టించుకుని ఉంటే మెమరీ అనుమానం మీద ఒక పూట వృథా అయ్యేది కాదు.

నెలనెలా చేత్తో కొట్టేసిన పేర్ల సంగతి కూడా దీనితో తేలింది. 0.1ని 3తో గుణిస్తే విడిగా చేసినా 0.3కు సరిపోదు, 0.30000000000000004 వస్తుంది. అలాంటి ఖాతాలు మొదటి నుంచీ జాబితాలోకి వస్తూనే ఉన్నాయి. గుణకారం తర్వాతి సవరణ మిగిలినవాటిని ఇన్నాళ్ళూ కప్పిపుచ్చింది.

చూస్తే మాయమయ్యే తప్పు

మా యంత్రాల మీద ఇది ఎందుకు కనిపించలేదన్నది విడిగా చెప్పుకోవలసిన కథ. పరీక్షలు నడిచే యంత్రం ఇంటెల్‌ది. సాధారణ 64 బిట్ల ఎక్స్86 కోసం కంపైల్ చేస్తే ఎఫ్‌ఎంఏ ఉందని జీసీసీ అనుకోదు. ఆ ఇన్‌స్ట్రక్షన్లు 2013లో హాస్‌వెల్ తరంతో ఇంటెల్ ప్రాసెసర్లలోకి వచ్చాయి, కంపైలర్‌కు ప్రత్యేకంగా అనుమతి ఇస్తేనే వాడుతుంది. అక్కడ కూడా ఫంక్షన్ అలాగే ఇన్‌లైన్ అయింది, గుణకారం, తీసివేత మాత్రం విడిగానే ఉండిపోయాయి. ఇద్దరు సహోద్యోగుల దగ్గర ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న యాపిల్ ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. వాటి మీదా రాలేదు, కారణం అక్కడి కంపైలర్ క్లాంగ్. సోర్సులో ఒకే వ్యక్తీకరణలో గుణకారం, కూడిక లేదా తీసివేత కలిసి ఉంటేనే క్లాంగ్ వాటిని ఫ్యూజ్ చేస్తుంది. జీసీసీ వాక్యాల హద్దులను చూడదు, ఇన్‌లైన్ అయ్యాక పక్కపక్కన కనిపిస్తే కలిపేస్తుంది.

సర్వర్ మీదే, గుణకార ఫలితం ఎంత వస్తోందో చూద్దామని బాకీ ఫంక్షన్‌లో ఒక లాగ్ పంక్తి పెట్టాము. తప్పు మాయమైంది. తీసేస్తే తిరిగి వచ్చింది. ఇది దయ్యం పని కాదు. గుణకార ఫలితాన్ని వాడే ప్రతి చోటా ఫ్యూజ్ చేయగలిగితేనే జీసీసీ ఆ పని చేస్తుంది. ఒక్క చోట ఆ విలువ యథాతథంగా కావలసి వస్తే గుణకారాన్ని ఎలాగూ విడిగా చేయాలి, కాబట్టి కలపడం వల్ల లాభం లేదని మొత్తం మానుకుంటుంది. లాగ్ పంక్తి అడిగింది సరిగ్గా ఆ విలువనే. ఆప్టిమైజేషన్ ఆపి డీబగ్గర్‌లో నడిపినా అంతా సవ్యంగా కనిపించేది, ఎందుకంటే అప్పుడు ఫ్యూజ్ చేయడమే జరగదు.

ఊహను రెండు విధాలుగా పరీక్షించాము. నివేదిక ఫంక్షన్ లేకుండానే, మొత్తం లెక్కించే ఫంక్షన్‌ను ఇన్‌లైన్ చేయవద్దని గుర్తు పెట్టాము. జాబితా పాత పద్ధతికి వచ్చింది. ఆ గుర్తు తీసేసి, ఫ్యూజ్ చేయడాన్ని ఆపే -ఎఫ్‌ఎఫ్‌పీ-కాంట్రాక్ట్=ఆఫ్ అన్న ఐచ్ఛికం ఇచ్చాము. అప్పుడు ఫంక్షన్ ఇన్‌లైన్ అయింది, అయినా జాబితా సవ్యంగానే వచ్చింది. ఇన్‌లైన్ దారి తెరిచింది, ఫ్యూజ్ చేయడం ఫలితాన్ని మార్చింది.

కంపైలర్ బగ్ అన్నవారికి సమాధానం చెప్పవలసి వచ్చింది. సీ ప్రమాణం 1999 నుంచి ఒక వ్యక్తీకరణలో ఇలా ఫ్యూజ్ చేయడానికి అనుమతిస్తుంది. జీసీసీ ఆ అనుమతిని వాక్యాల మధ్యకు కూడా చాచింది, అదే దాని డిఫాల్ట్ అని తన పత్రాల్లో చెబుతుంది. భాషా ఐచ్ఛికంగా జీఎన్‌యూ11 (జీసీసీ సొంత చేర్పులున్న సీ11) కాక కట్టుదిట్టమైన సీ11 ఇస్తే ఇదే కంపైలర్ ఫ్యూజ్ చేయడం మానేస్తుంది. మేము ఇస్తున్నది జీఎన్‌యూ11. ఈ డిఫాల్ట్ మంచిదా కాదా అని వాదించవచ్చు, నాకు అది నచ్చదు కూడా. అయినా డబ్బును డబుల్‌లో పెట్టి, తేడాను సున్నాతో నేరుగా పోల్చిన ప్రోగ్రామ్ మాది కాబట్టి తప్పును అటు తోయడానికి మనసొప్పలేదు.

ఇలాంటివి కొత్తవి కావు. 32 బిట్ల ఎక్స్86 కాలంలో లెక్కలు 80 బిట్ల రిజిస్టర్లలో జరిగేవి, రిజిస్టర్లు చాలక విలువను మెమరీలోకి దించితే 64 బిట్లకు సవరణ జరిగేది. ఎక్కడ దించాలన్నది చుట్టూ ఉన్న కోడ్‌ను బట్టి మారేది కాబట్టి ఒక ముద్రణ పంక్తి చేరిస్తే లెక్క మారేది. జీసీసీ బగ్ జాబితాలో 323వ సంఖ్యతో ఆ ఫిర్యాదు 2000 నుంచి ఉంది. ఫలితం అదే ఉండి వేగం మాత్రమే మారే సందర్భాలు ఇంకా ఎక్కువ. ఫైళ్ళను లింక్ చేసే వరుస, చివరికి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ మొత్తం పొడవు కూడా కొలతలను మార్చగలవని 2009లో ఒక పరిశోధన బృందం చూపింది. ఒక ఫైలు మొత్తానికి ఇన్‌లైన్ వల్ల కోడ్ ఎంత పెరగవచ్చో జీసీసీకి ఒక పరిమితి ఉంది, పెద్ద ఫైళ్ళలో ఒక మూల చేర్చిన ఫంక్షన్ ఆ కోటాను తినేస్తే మరో మూల ఇన్‌లైన్ ఆగిపోతుంది. మా ఫైలు అంత పెద్దది కాదు.

చేసిన పని

ఆ రోజు సాయంత్రానికే ఫ్యూజ్ ఆపే ఐచ్ఛికాన్ని ప్రోగ్రామ్ మొత్తానికి పెట్టి విడుదల చేశాము. వేగంలో కొలవదగ్గ తేడా ఏమీ రాలేదు. బిల్లింగ్ ప్రోగ్రామ్ కాలమంతా డేటాబేస్ కోసం ఎదురుచూడటంలోనే గడుస్తుంది. ఆ నెల చేత్తో కొట్టేసే పేర్లు మాత్రం అలాగే మిగిలాయి, ఎందుకంటే ఆ ఐచ్ఛికం 0.1 × 3 ను బాగుచేయదు.

తర్వాత రెండు వారాల్లో సొమ్మును పూర్ణాంకాలకు మార్చాము. పన్నెండున్నర పైసల రేటు కూడా ఉంది కాబట్టి పైసాలో వందో వంతును ప్రమాణంగా తీసుకుని 64 బిట్ల పూర్ణాంకాల్లో పెట్టాము. స్లాబుల పట్టికను మార్చడం తేలిక, పాత చెల్లింపుల దిగుమతిని మార్చడానికే ఎక్కువ సమయం పట్టింది. పరీక్షలు నడిచే యంత్రాల్లో ఒక ఆర్మ్ యంత్రాన్ని చేర్చి, బాకీ, అడ్వాన్సు జాబితాలను -ఓ0, -ఓ2 బిల్డ్‌లలో నడిపి పోల్చే పరీక్ష పెట్టాము.

మొదటి రోజు, ఆ కమిట్‌ను వెనక్కి తీసేసి మరిచిపోదామని ప్రతిపాదించింది నేనే. ఆ మాట నెగ్గి ఉంటే ఎవరూ పిలవని 43 పంక్తుల నివేదిక, తనకు తెలియకుండానే బిల్లింగ్‌ను కాపాడుతూ ఆ ఫైలులో ఇంకా ఉండేది. పూర్ణాంకాలు వచ్చాక ఆ ఫంక్షన్‌తోనూ, అది లేకుండానూ గత ఏడాది డేటా మొత్తం నడిపి చూశాము. రెండు జాబితాలూ ఒక్కటే వచ్చాయి, 0.00 పేరు ఒక్కటీ లేదు. ఆ తర్వాతే దాన్ని మళ్ళీ తొలగించాము.